ఇంట్లోకి నీళ్ళొస్తాయని రాసిచ్చేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం మీ పేపర్లో ఇళ్ళ అమ్మకాల ప్రకటనలు వస్తాయి గదా, ఈస్ట్ ఫేసింగ్, పక్కా వాస్తు, క్లియర్ టైటిల్, మంచినీళ్ళ సౌకర్యం అని, అవి చదివినప్పుడల్లా నాకు మా ఇంటి వెనక రూములో స్విచ్ బోర్డులే గుర్తొస్తాయి. ఎందుకో చెప్తా. ఉత్తరం కొంచెం పొడుగే, వీలుంటే కత్తిరించకుండా వెయ్యండి, ఇల్లు కొనబోయేవాళ్ళకి, అమ్మబోయేవాళ్ళకి ఇద్దరికీ పనికొచ్చే సంగతులు ఇందులో ఉన్నాయి.

మేం 2018లో నెల్లూరులో ఒక పాత ఇల్లు కొన్నాం. ముప్పై అంకణాల స్థలం, కింద రెండు బెడ్రూములు, పైన ఒక రూము, వెనకమాల రెండు సందులు దాటితే కాలవ. నేనూ మా ఆయనా ఇద్దరం టీచర్లుగా చేసి రిటైరైనోళ్ళం, వచ్చిన డబ్బులు దాదాపు మొత్తం ఆ ఇంటికే పెట్టాం. చూడ్డానికి నాలుగుసార్లు పోయాం. సిద్ధాంతి గారిని తీసకపోయాం, ఆయన టేపు పట్టి కొలిచి ఈశాన్యం బాగుంది, వీధిపోటు లేదు అన్నారు. ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ తీయించాం, ముందు ఓనర్ల లింక్ డాక్యుమెంట్లు లాయరుకి చూపించాం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్లంబర్ని మాత్రం తీసకపోలేదు. పక్కింటి తలుపు తట్టి ఒక్క మాట అడగలేదు.

ఆ వెనక రూములో ప్లగ్ పాయింట్లన్నీ ఛాతీ ఎత్తులో ఉన్నాయి. మా ఆయన అడిగారు కూడా, ఏందండీ ఇంత పైన పెట్టారని. ఆ ఓనరు పెద్దాయన, మర్యాదగా మాట్లాడే మనిషి, "పిలకాయలు వేళ్ళు పెడతారని సార్" అన్నాడు. మనవళ్ళు తిరిగే ఇల్లు గదా అనుకున్నాం. గోడలకి కింద మూడడుగుల దాకా ముదురు రంగు ఆయిల్ పెయింటు, ఆ పైన లేత రంగు, కొత్తగా వేయించారు, చూడ్డానికి బాగుందనుకున్నాం. నీళ్ళ మోటరు నేలమీద కాకుండా నడుమెత్తు సిమెంటు దిమ్మె మీద ఉంది. గోడ అలమారల్లో కింది అరలు ఖాళీగా వదిలేసున్నాయి. ఇప్పుడు రాస్తంటే ఇవన్నీ వరసగా కనపడతన్నాయి గానీ ఆరోజు ఒక్కటి కూడా ఇంకోదానితో కలిపి చూళ్ళేదు, ఇల్లు మనసుకి పట్టేసినాక ఇంక లోపం కంటికి ఆనదు.

2020 నవంబర్లో నివర్ తుపాను. రాత్రి పదకొండప్పుడు బాత్రూంలో బుడబుడమని శబ్దమొస్తంటే కుళాయి కట్టలేదేమోనని పోయి చూశా. నీళ్ళు పోయే జాలీ దగ్గర నీళ్ళు పోవటం లేదు, పైకి వస్తన్నాయి. ముందు బుడగలు, తర్వాత మురుగు వాసన, తర్వాత నల్లటి నీళ్ళు. గోనెసంచి మడిచి జాలీ మీద పెట్టి పైన రోకలి పెట్టాం, అదే టైములో వంటింటి గట్టు కింద నుంచి వచ్చేశాయి. తెల్లారుజామున మూడింటికి హాల్లో మోకాటి లోతు. ఫ్రిజ్జు పక్కకి ఒరిగి తేలింది. బీరువా కింది అరలో మా అమ్మ పెట్టిన కంచి పట్టుచీరలు రెండు, మా ఆయన సర్వీసు రిజిస్టరు జిరాక్సులు, పాప చిన్నప్పటి ఫోటోల ఆల్బం, అన్నీ ఆ నీళ్ళల్లో నానినయ్యి. కరెంటు ప్లగ్గులు మాత్రం ఒక్కటి కూడా తడవలేదు, చూడండి.

నీళ్ళు తీసినాక పక్కింటి అత్త టీ ఫ్లాస్కు తీసుకొచ్చి అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "2015లో కూడా ఇంతే గదమ్మా, మీకు వాళ్ళు చెప్పలా?" ఎండాకాలం వచ్చేసరికి కింది ఆయిల్ పెయింటు పొరలు పొరలుగా ఊడొచ్చింది, దాని కింద పాత సున్నం మీద మట్టిరంగు గీత ఒకటి హాలు చుట్టూ తిరిగి ఉంది, దాని కింద జానెడు దూరంలో ఇంకో గీత. ఆ ఇంట్లోకి ఎన్నిసార్లు నీళ్ళొచ్చాయో గోడ మీదే ఉంది, మాకు కనపడకుండా రంగేశారు.

ఓనరుకి ఫోన్ చేస్తే కోప్పడలా, అబద్ధం కూడా ఆడలా. "మీరు అడగలేదు గదమ్మా, అడిగుంటే చెప్పేవాణ్ణి" అన్నాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

లాయరు దగ్గరికి పోతే ఆయన చెప్పినప్పుడు తెలిసింది మనకి చట్టం లేక కాదని. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్టు అంటారే అది. దాంట్లో 55వ సెక్షన్ మొత్తం అమ్మేవాడు ఏం చెయ్యాలి కొనేవాడు ఏం చెయ్యాలి అనే. ఆస్తిలో గానీ హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలీక, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేనిదైతే అమ్మేవాడు తనంతట తానే చెప్పి తీరాలి. చెప్పకపోతే అది మోసం కిందే లెక్క అని అదే సెక్షన్ చివర్లో రాసుంది. కొనేవాడు ఆస్తి గురించి, హక్కు గురించి సంబంధం ఉన్న ప్రశ్న ఏది అడిగినా తనకి తెలిసినంతవరకు జవాబు చెప్పాలని, అడిగితే దస్తావేజులన్నీ చూపించాలని కూడా ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం తెలిసిన నిజాన్ని కావాలని కప్పిపెట్టడం మోసమే, అంటే మా గోడ మీద గీతకి రంగెయ్యటం లాంటిది.

మరి కేసు వేద్దామా అంటే ఆయన అగ్రిమెంటు తిప్పి ఒక లైను చూపించారు. కొనుగోలుదారు ఆస్తిని స్వయంగా చూసుకుని అన్నివిధాలా తృప్తి చెందినందున అని. మేం చదవకుండా సంతకం పెట్టిన లైను అది. 55వ సెక్షన్ మొదటి మాటే వేరే ఒప్పందం లేనప్పుడు అని ఉంటుందంట, కాబట్టి మనం సంతకం పెట్టిన కాగితం ముందు చూస్తారు. రెండోది, పక్కింటావిడకి తెలిసిన సంగతి మీరు మామూలు జాగ్రత్తతో తెలుసుకోలేరా అని అవతలి లాయరు అడుగుతాడు అన్నారు. మూడోది, ఆయన మీతో ఏం చెప్పాడో ఏం చెప్పలేదో అంతా నోటిమాట. "ఒక్క కాగితం మీద ఒక్క ప్రశ్న రాసి ఆయనతో జవాబు రాయించుకోనుంటే మీ కేసు వేరేగా ఉండేదమ్మా" అన్నారు. మేం కోర్టుకి పోలేదు. ఆ వయసులో ఓపిక లేదు.

మన దస్తావేజులు ఒకసారి తీసి చదవండి, ఎవరివైనా సరే. ఆస్తి మీద ఏ తాకట్టు లేదు, జప్తు లేదు, కోర్టు వ్యాజ్యం లేదు, ఏ హక్కుదారుడొచ్చినా మా సొంత ఖర్చులతో పరిష్కరించి ఇస్తాం అని అరపేజీ ఉంటుంది. హక్కు గురించి అంత గట్టిగా రాయించుకునే మనం ఆ ఇల్లు కురుస్తుందా, మునుగుతుందా, గోడ బీటలిచ్చిందా అని ఒక్క ముక్క రాయించుకోం. స్థలం కొన్నట్టే ఇల్లు కూడా కొంటన్నాం.

మా పాప, అల్లుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ దగ్గర 2022లో ఇల్లు కొన్నారు, అదీ పాత ఇల్లే. ఒకరోజు వీడియో కాల్లో, "అమ్మా నీకు ఇది చూపించాలి" అని ఒక ఫారం చూపించింది. అమ్మే ఓనరు నింపి సంతకం పెట్టి ఇవ్వాల్సిన ఫారం, సెల్లర్స్ డిస్‌క్లోజర్ నోటీస్ అంటారంట. ఆ రాష్ట్రం చట్టంలోనే ఉంది. కప్పు ఎన్నేళ్ళది, పునాదికి రిపేర్లు జరిగాయా, చెదలు పట్టాయా, పట్టినందుకు ఎప్పుడన్నా మందు కొట్టించారా, ఇంట్లోకి ఎప్పుడన్నా వరద నీళ్ళొచ్చాయా, వరద ఇన్సూరెన్సు క్లెయిం చేశారా, వరద ముంపు జోన్లో ఉందా. ఈ వరద ప్రశ్నల్ని 2019లో ఇంకా పెంచారంట. ఆ నోటీసు ఇవ్వకుండా అగ్రిమెంటు చేసుకుంటే, తర్వాత ఫారం చేతికొచ్చిన ఏడు రోజుల్లోపు కొనేవాళ్ళు ఏ కారణం చెప్పకుండా ఒప్పందం వదిలేసుకోవచ్చు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం కలిసిన పెయింటు సంగతి చెప్పాలని దేశం మొత్తానికీ వేరే చట్టం ఉంది, పిల్లల ఆరోగ్యం కోసం. న్యూయార్క్ రాష్ట్రంలో అయితే ఫారం ఇవ్వకపోతే కొనేవాళ్ళకి 500 డాలర్లు తగ్గిస్తే సరిపోయేదంట, అందరూ ఆ డబ్బు వదిలేసుకుని ఫారం ఎగ్గొట్టేవాళ్ళంట, 2024 మార్చి నుంచి ఆ వెసులుబాటు తీసేశారు.

వాళ్ళకి వచ్చిన ఫారంలో వరద దగ్గర లేదు అనుంది, చెదలు దగ్గర ఉంది, మందు కొట్టించాం అనుంది, పునాది దగ్గర తెలీదు అనుంది. నేను టీచరుని గదా, జవాబు పత్రం దిద్దినట్టు చదివా. ఉంది అని రాసినదాంతో భయం లేదు, ఎప్పుడు, ఎవరు చేశారు, బిల్లు చూపించండి అని అడగొచ్చు. లేదు అని రాసింది రేపు అబద్ధమని తేలితే ఆ సంతకమే మనకి సాక్ష్యం. తెలీదు అనేదాని దగ్గరే ఆగాలి. ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లో కాపరమున్న మనిషి పునాది సంగతి తెలీదంటే ఒక లెక్క, నాన్న పోయినాక వాటాకొచ్చిన ఇంటిని ఎక్కడో ఊళ్ళో ఉండి అమ్మే కొడుకు తెలీదంటే ఇంకో లెక్క. ఖాళీగా వదిలేసిన గడి ఉంటే దాన్ని జవాబు కింద తీసుకోకూడదు, నింపించాలి. ఆ ఫారం మీదే ఇది గ్యారంటీ కాదు, తనిఖీకి బదులు కాదు అని రాసుంటుంది. అంటే ఓనరుకి తెలిసింది చెప్పినట్టు మాత్రమే, తెలియని లోపాలకి మనం మనిషిని పెట్టి చూపించుకోవాల్సిందే. మావాళ్ళు ఇంజనీరుని పెట్టి పునాది చూపించారు, ఒక మూల దిగిందని తేలింది, ధర తగ్గించి తీసుకున్నారు.

అక్కడ ఒక సంగతి నాకు వింతనిపించింది. ఇంట్లో ఎవరన్నా మామూలుగా చనిపోయినా, ఆత్మహత్య చేసుకున్నా టెక్సాస్‌లో ఆ ఫారంలో చెప్పక్కర్లేదంట, కాలిఫోర్నియాలో మూడేళ్ళలోపు అయితే చెప్పాలంట. మన దగ్గర అయితే ముందు అదే తెలుసుకోవాలనుకుంటారు, బ్రోకర్లు అదే దాచిపెడతారు. నా ఉద్దేశంలో అడిగితే దాచకూడదు, ఆ ఇంట్లో నిద్రపోవాల్సింది కొనేవాళ్ళు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. కొత్త అపార్టుమెంటు బిల్డరు దగ్గర కొంటే 2016 నాటి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ఉంది, ఇల్లు స్వాధీనం చేసినాక ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే ముప్పై రోజుల్లో పైసా తీసుకోకుండా బిల్డరే బాగుచెయ్యాలి. పాత ఇల్లు ఒక మనిషి దగ్గర ఇంకో మనిషి కొంటే అది వర్తించదు, మిగిలేది ఆ 1882 చట్టమే. దాన్ని వాడుకోవాలంటే రాసి అడగాలి, రాయించుకోవాలి, అంతే. దానికి కొత్త చట్టం కోసం కూచోనక్కర్లేదు. 2021 నవంబర్లో సోమశిల డ్యాం నుంచి నీళ్ళొదిలినప్పుడు పెన్న పక్క కాలనీలు ఎట్లా మునిగాయో, పడుగుపాడు దగ్గర రైలు కట్ట ఎట్లా కోసుకుపోయిందో మనందరం చూశాం. ఆ ఇళ్ళకి కూడా తర్వాత రంగులేశారు. వాటిల్లో కొన్ని చేతులు మారుంటాయి, ఇంకా మారతాయి. కొనేవాళ్ళు వేరే ఊరోళ్ళయితే వాళ్ళకి ఎవరు చెప్తారు?

మన ప్రశ్నలు టెక్సాస్ వాళ్ళ ప్రశ్నలు కావు. నేనైతే ముందు ఇది అడుగుతా, వానలకి నీళ్ళు గేటు దాకా వచ్చాయా, వరండా దాకానా, ఇంట్లోకా, ఏ సంవత్సరం, ఎంత ఎత్తు, బాత్రూం జాలీలోంచి మురుగు ఎప్పుడన్నా వెనక్కొచ్చిందా. బోరు ఎన్నడుగులు, మే నెలలో నీళ్ళుంటాయా, ఉప్పు తేలుతాయా, కనిగిరి ఉదయగిరి వైపైతే ఫ్లోరైడు పరీక్ష చేయించారా. స్లాబు కురుస్తుందా, ఎక్కడ, పైన ఏం పూశారు. ద్వారబంధాలకి చెదలు పట్టాయా. కింద పూడ్చిన బావి గానీ పాత సెప్టిక్ ట్యాంకు గానీ ఉందా, ఇది మా చుట్టాలింట్లో జరిగింది, పోర్టికో కింద పూడ్చిన బావి ఉందని ఓనరుకి తెలుసు, కారు పెట్టిన రెండో ఏడు నేల కుంగింది. ప్లాను ఎన్ని అంతస్తులకి ఇచ్చారు, కట్టింది ఎన్ని. రోడ్డు వెడల్పులో మార్కింగు పడిందా, సర్వేపల్లి కాలవ, జాఫర్ సాహెబ్ కాలవ లాంటి వాటి గట్ల పక్కనైతే నోటీసులేమన్నా వచ్చాయా.

హక్కు సంగతికొస్తే ఈసీ చూసి గుండెమీద చెయ్యేసుకోకండి. ఈసీలో రిజిస్టరైనవే కనపడతాయి. రిజిస్టరు కాని అగ్రిమెంటు వేరేవాళ్ళతో చేసుకుని అడ్వాన్సు తీసుకుని ఉండొచ్చు, అక్కచెల్లెళ్ళ వాటా తెగకుండా ఉండొచ్చు, ఒరిజినల్ దస్తావేజు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుని ఉండొచ్చు. ఒరిజినల్ ఏదండీ అంటే బ్యాంకులోనే ఉండిపోయింది, అప్పు తీరిపోయింది అని చెప్పేవాళ్ళున్నారు. 2023 డిసెంబర్ నుంచి రిజర్వు బ్యాంకు రూలు ఉంది, అప్పు మొత్తం తీరినాక ముప్పై రోజుల్లో ఒరిజినల్స్ ఇచ్చెయ్యాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు ఇయ్యాలి, కాబట్టి ఆ మాట నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చెయ్యకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమిలో కట్టిన ఇల్లేమో కూడా అడగాలి, అసైన్డు భూములు అమ్మకూడదని 1977లోనే చట్టమొచ్చింది, తర్వాత కొన్ని సడలింపులిచ్చారు గానీ అన్నిటికీ కాదు, అయినా వాటి మీద ఇళ్ళు లేచాయి, నోటరీ కాగితాల మీద అమ్ముకుంటన్నారు. ఇంటి పన్ను, నీటి పన్ను, కరెంటు బిల్లు అమ్మకం తేదీ దాకా ఎవరు కట్టాలో గూడా రాసుకోండి. ఇవన్నీ అడ్వాన్సు ఇవ్వకముందే. చేతిలో డబ్బు పడినాక ఏ ఓనరూ ఫారం నింపడు.

ఇంక నేనే అమ్మిన సంగతి. 2023లో ఒంగోలు దగ్గర ఊళ్ళో మా అమ్మ ఇల్లు అమ్మాల్సొచ్చింది. తెల్లకాగితం మీద రెండు పేజీలు నా చేత్తో రాశా. బోరు నీళ్ళు ఏప్రిల్ నుంచి ఉప్పు తేలతాయి, తాగటానికి పనికిరావు. వెనక గోడ పక్కింటోళ్ళతో ఉమ్మడిది. ముందు ద్వారబంధానికి కుడిపక్క చెదలు పట్టింది, 2019లో మందు కొట్టించాం. పక్కింటోళ్ళు మా దొడ్లోంచి నడిచిపోతారు, నలభై ఏళ్ళ అలవాటు. స్లాబు సంగతి నాకు తెలీదు, నేను ఆ ఇంట్లో ఉండక ముప్పై ఏళ్ళయింది. మా తమ్ముడు చాలా కోప్పడ్డాడు. "అక్కా, నీకేమన్నా పిచ్చా, ఎవరన్నా ఇట్లా రాసిచ్చి ధర తగ్గించుకుంటారా" అన్నాడు. బ్రోకరు ఆ కాగితం పార్టీకి చూపించద్దమ్మా అని బతిమాలాడు.

కొనడానికొచ్చిన అబ్బాయి రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాడు, భార్య, ఇద్దరు పిల్లలు. ఆ కాగితాన్ని అరుగు మీద కూచుని రెండుసార్లు చదివాడు. తర్వాత లేచి మోటరు వెయ్యమని దోసిట్లో నీళ్ళు పట్టి నోట్లో పోసుకుని ఊశాడు. "నిజమే రాశారు మేడం" అన్నాడు. నలభై వేలు తగ్గించమన్నాడు, ఇచ్చాం. ఆరునెల్ల తర్వాత ఫోన్ చేశాడు, దేవుడి గదిలో స్లాబు కురుస్తోంది మేడం అని. నాకు గుండె ఝల్లుమంది. అతనే, "మీరు తెలీదని రాశారు గదా, నేనే మేస్త్రీని తెచ్చి చూపించుకోవాల్సింది, ఊరికే అప్పట్లో ఎవరు పోశారో మేస్త్రీ పేరు తెలుసేమోనని చేశా" అన్నాడు. ఆ కాగితం లేకపోతే అదే ఫోను గొడవయ్యేది, నేను తెలిసీ దాచిపెట్టానని అతను అనుకునేవాడు, కాదని నేను చూపించుకునేదానికి ఏమీ ఉండేది కాదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర కూచునే డాక్యుమెంట్ రైటర్లు అగ్రిమెంటు రాసేటప్పుడు తెలుగులో ఒక ప్రశ్నల కాగితం జతచెయ్యాలి, అవును, కాదు, తెలీదు అని మూడు గళ్ళు, కింద అమ్మేవాళ్ళ సంతకం, తేదీ, ఇద్దరు సాక్షులు. రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళు తలుచుకుంటే ఒక నమూనా తయారుచేసి నోటీసు బోర్డులో అంటించగలరు. ఆ కొనుగోలుదారు తృప్తి చెందినందున అనే లైను పక్కనే, అమ్మకందారు జతపరిచిన వివరాలు నిజమని నమ్మి అని ఇంకో లైను చేరిస్తే చాలు. ఇంటికి లక్షలు పోసి, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను ఫీజు కట్టేచోట ఇంకో తెల్లకాగితం ఖర్చెంత?

మా వెనక రూములో స్విచ్ బోర్డులు కిందకి దించలేదు. ఎప్పుడన్నా ఈ ఇల్లు అమ్మాల్సొస్తే కాగితంలో మొదటి లైను వాటి గురించే రాస్తానని మా ఆయనతో చెప్పా.

ఒంగోలు ఇంటికి నేను రాసిన రెండు పేజీలు, పేర్లు కొట్టేసి, జిరాక్సు ఈ ఉత్తరంతో పంపిస్తన్నా. మీకు చోటుంటే అది కూడా వెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, నెల్లూరు